దొంగ చెప్పిన నీతి

'క్యాష్ ఆన్ డిమాండ్' అనే 1961 నాటి ఇంగ్లీషు సినిమా గురించి ఎవరు రాసినా రెండో పేరాకల్లా నవలాకారుడు డికెన్స్ వచ్చేస్తాడు. క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు, చిన్న ఊళ్ళో ఒక బ్యాంకు, అందులో ఫోర్డైస్ అనే కరుకు మేనేజరు. కల్నల్‌నని చెప్పుకుంటూ దొంగ ఒకడు వచ్చి ఒక్క పూటలో అతన్ని నిలువునా వణికించి పోతాడు. ఆ దెబ్బకి మేనేజరు మంచివాడైపోతాడు. ఇంకేముంది, డికెన్స్ 'క్రిస్మస్ కారల్'లో దయ్యాలు మంచివాడిగా మార్చిన పిసినారి స్క్రూజ్ కథే, దయ్యాల చోట దొంగని పెట్టారు అంటారు. అందులో అబద్ధం లేదు. తీసినవాళ్ళు కూడా ఆ పోలిక కావాలనే పెట్టుకుని ఉంటారు, లేకపోతే కథ సరిగ్గా పండగ ముంగిట్లో జరగాల్సిన పనేముంది?

కానీ ఈమధ్య ఒక మిత్రుడు ఈ సంగతే రాస్తూ ఇంకో మెట్టు పైకెక్కాడు. "ఆలోచిస్తే ఆ కల్నల్, ఫోర్డైస్‌కి ఉపకారమే చేశాడు" అన్నాడు. అది చదివి నాకు ఒళ్ళు మండింది. నా సర్వీసంతా బ్యాంకు కౌంటర్ల వెనకే గడిచింది. ఫోర్డైస్ లాంటి మేనేజర్ల కింద పనిచేశాను. నా కింద పనిచేసిన పిల్లలు కొందరు నన్నూ ఆ జాబితాలోనే వేసి ఉంటారు. అందుకని ఈ సినిమాని దొంగ పక్కన నిలబడి చూడటం నావల్ల కాదు.

చూడనివాళ్ళ కోసం కథ నాలుగు ముక్కల్లో. హావర్‌షామ్ అనే ఊళ్ళో బ్రాంచి. మేనేజరు ఫోర్డైస్‌గా పీటర్ కుషింగ్. పొద్దున్నే ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున భద్రతా ఏర్పాట్లు తనిఖీ చేయడానికి వచ్చానంటూ కల్నల్ గోర్ హెప్‌బర్న్ దిగుతాడు, అది ఆండ్రే మోరెల్. మేనేజరు గదిలో తలుపు మూసుకున్నాక ఫోను మోగుతుంది. అవతల ఫోర్డైస్ భార్య గొంతు, హడలిపోతూ. ఆమే, కొడుకూ నా మనుషుల చేతుల్లో ఉన్నారు, చెప్పినట్టు చేస్తే బతుకుతారు అంటాడు కల్నల్. స్ట్రాంగ్ రూములో ఉన్న 93 వేల పౌండ్లు బయటికి పోవడానికి ఫోర్డైసే దగ్గరుండి సాయం చేయాలి. హాల్లో కూర్చున్న గుమాస్తాలకి మాత్రం ఏమీ తెలియకూడదు. తుపాకులు పేలవు, కార్లు తరుముకోవు. సినిమా దాదాపు మొత్తం ఆ బ్యాంకు లోపలే నడుస్తుంది. ఇక్కణ్ణుంచి ముగింపుతో సహా అన్నీ చెప్పేస్తాను, చూడాలనుకునేవాళ్ళు చూసొచ్చి చదవండి.

పది పౌండ్లు

నాకు ఇందులో అన్నిటికంటే ఇబ్బందిగా అనిపించే సీను దొంగ రాకముందే అయిపోతుంది. ఫోర్డైస్ తన చీఫ్ క్లర్కు పియర్సన్‌ని గదిలోకి పిలుస్తాడు. కౌంటర్లో పది పౌండ్ల తేడా ఒకటి వచ్చి, ఆ తర్వాత సర్దుకుంది. బ్యాంకుకి పైసా నష్టం లేదు. అయినా దాన్ని పట్టుకుని ఫోర్డైస్ మోసం అనే మాట దాకా వెళ్తాడు, పియర్సన్ ఉద్యోగానికే ఎసరు పెట్టేలా మాట్లాడతాడు. గొంతు పెంచడు. కోపంలో అన్న మాటని మర్నాడు మర్చిపోవచ్చు, కుషింగ్ మాట్లాడే పద్ధతిలో ఆ వీలు కూడా ఉండదు. పియర్సన్‌గా వేసిన రిచర్డ్ వెర్నన్ దాన్ని మింగుతున్న తీరు చూడండి. ఎదురు చెప్పడు, బతిమాలడు. ఇంతకాలం చేసిన నౌకరీకి దక్కిన విలువ ఇదా అని లెక్క కట్టుకుంటున్నట్టు ఉంటుంది ఆ ముఖం.

బయటివాళ్ళకి ఇది అతిగా కనిపిస్తుంది. పది పౌండ్లకి ఇంత రాద్ధాంతమా అని. బ్యాంకులో పనిచేసినవాళ్ళు అలా అనరు. సాయంత్రం క్యాష్ టాలీ కాకపోతే పది రూపాయలైనా, పదివేలైనా తాళం పడదు. 

నేను కొత్తగా చేరిన రోజుల్లో కోస్తాలో ఒక మండల కేంద్రంలో మాకో మేనేజరు ఉండేవారు. ఆయన గదిలోంచి దగ్గు వినిపిస్తే కౌంటర్లో కబుర్లు ఆగిపోయేవి. ఒక సాయంత్రం క్యాష్‌లో 1,800 రూపాయలు తక్కువ వచ్చింది. కేషియరు చిన్నపిల్ల, నాకంటే జూనియరు. నోట్లు మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టి, ఇక లాభం లేదని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. షార్టేజీ వస్తే జేబులోంచి కట్టాల్సిందే, ఆ పిల్ల జీతానికి అది పెద్ద మొత్తం. ఆయన గదిలోంచి బయటికొచ్చి, చొక్కా చేతులు మడిచి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నారు. "తేడా తొమ్మిదితో పోతోందా లేదా చూడమ్మా. పోతే అంకెలు తారుమారయ్యాయన్నమాట. నోట్లు వదిలెయ్యి, చీటీలు తియ్యి" అన్నారు. ఒక్కో చీటీ ఆయన చదువుతుంటే ఆ పిల్ల స్క్రోలుతో, అంటే రోజు లావాదేవీలు రాసే పుస్తకంతో, సరిచూసుకుంటూ పోయింది. చీటీలో 4,600 ఉంది, స్క్రోల్లో 6,400 అని పడింది. దొరికేసరికి బాగా చీకటిపడింది. అటెండరుని తోడిచ్చి ఆ పిల్లని ఇంటికి పంపించారు. మర్నాడు పొద్దున పదింటికి ఆమె బల్ల మీద మెమో ఉంది, ఆయన సంతకంతో.

ఆ మెమో గురించి మేమంతా చాలా రోజులు తిట్టుకున్నాం. ఆ పిల్ల మాత్రం తిట్టలేదు. ఇప్పటికీ ఆయన పేరెత్తితే కుర్చీలో సర్దుకుని కూర్చుంటుంది.

ఈయన కూడా ఫోర్డైస్ అంత కరుకే. ఇద్దరికీ తేడా ఎక్కడుందంటే, ఆయన స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. ఫోర్డైస్ ఆ పది పౌండ్లు ఎలా వచ్చాయో, ఎలా పోయాయో పియర్సన్‌తో కలిసి చూసి ఉంటాడని నేననుకోను. అయితే సినిమా పెట్టే లెక్క ఇది కాదు. అది కరుకుదనాన్నే జబ్బుగా చూపించి, దానికి దొంగ చేత మందు వేయిస్తుంది. నాకు పేచీ అక్కడే.

కల్నల్ అన్న మాట చాలు

ఫోర్డైస్ అసలు లోపం వేరే చోట ఉందని నా వాదన. అతని కరుకంతా కిందికే పోతుంది. పైవాళ్ళ దగ్గరైతే మైనం.

పియర్సన్ పది పౌండ్లకి సంజాయిషీ చెప్పుకోవాలి. అదే ముందస్తు కబురేమీ లేకుండా ఊడిపడిన ఒక పెద్దమనిషి, దర్జా అయిన కోటు, మీసం, నిఖార్సైన అధికారపు యాస, పేరుకి ముందు కల్నల్ అన్న తోక, పేరేమో రెండు ఇంటిపేర్లు అతికించిన గోర్ హెప్‌బర్న్. అంతే, మేనేజరు గది తలుపులు తెరుచుకుంటాయి. యుద్ధం అయిపోయి పదిహేనేళ్ళు దాటినా ఇంగ్లండులో ఆ మిలిటరీ హోదాకి గిరాకీ తగ్గలేదు. అప్పటి దొంగల సినిమాలు దీన్ని బాగానే వాడుకున్నాయి. 1960లో వచ్చిన 'ది లీగ్ ఆఫ్ జెంటిల్‌మెన్'లో బ్యాంకు కొల్లగొట్టే ముఠాకి నాయకుడు పెన్షన్ మీద పంపేసిన ఒక కల్నలే, అనుచరులు మాజీ సైనికాధికారులే. అక్కడ మిలిటరీ పనితనం దోపిడీకి పనికొస్తుంది. ఇక్కడ మిలిటరీ వాలకం ఒక్కటే చాలు, అది అసలుదో కాదో కూడా అక్కర్లేదు.

ఇది ఇంగ్లండు జబ్బు మాత్రమే కాదని మా బ్యాంకుల్లో పనిచేసినవాళ్ళకి తెలుసు. "పై ఆఫీసు నుంచి వచ్చాం" అంటే చాలు, కాఫీలు పరిగెడతాయి. ఒకసారి ఇన్‌స్పెక్షన్ అంటూ ఒకాయన వస్తే గేటు దగ్గర మా అటెండరు ఐడీ కార్డు చూపించమన్నాడు. వచ్చినాయన నిజంగానే ఆఫీసరు. నవ్వి కార్డు తీసి చూపించి, "మంచి పని చేస్తున్నావయ్యా" అని లోపలికొచ్చాడు. ఆయన వెళ్ళిపోయాక అప్పటి మా మేనేజరు అటెండరుని పిలిచి దులిపేశాడు, సార్‌ని గుమ్మంలో నిలబెడతావా అని. ఆ తర్వాత ఆ అటెండరు ఎవర్నీ ఏమీ అడగలేదు. ఎందుకడుగుతాడు?

పియర్సన్ చేసిన ఫోను

ఇంతకీ దొంగ ఎలా దొరికాడు? స్క్రూజ్ పాట పాడేవాళ్ళు ఈ ప్రశ్న దగ్గర కొంచెం తొందరగా నడిచి వెళ్ళిపోతారు. ఫోర్డైస్ కన్నీళ్ళ వల్ల దొరకలేదు, ఎవరి జాలి వల్లా దొరకలేదు. కల్నల్ వచ్చానని చెప్పుకున్న ఇన్సూరెన్స్ కంపెనీతో పియర్సన్ ఫోనులో వాకబు చేశాడు. ఈ పేరుతో మా దగ్గర ఎవరూ లేరని తేలింది. పోలీసులకి కబురు వెళ్ళింది. పొద్దున్నే దొంగ అనిపించుకున్నంత పనైన మనిషి, మధ్యాహ్నానికి తన పని తాను చేశాడు, అంతే.

ఇది రాసేటప్పుడు నాకే ఒక అనుమానం వచ్చి చాలాసేపు ఆగిపోయాను. పియర్సన్‌కి ఆ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చింది? ప్రతిదీ సరిచూడు, ఏదీ నమ్మకు అని రోజూ ఆ బ్రాంచిలో నూరిపోసింది ఫోర్డైసే కదా. అలాంటప్పుడు దొంగని పట్టించింది ఫోర్డైస్ పెట్టిన కట్టుబాటే అనాలి. మెత్తటి మేనేజరు ఉన్న బ్రాంచిలో ఎవరూ ఫోను చేసేవాళ్ళు కాదేమో, కల్నల్ గారు దర్జాగా సూట్‌కేసులతో పోయేవాడేమో. ఇలా చూస్తే సినిమా కథ ఒక పాట పాడుతుంటే, ముగింపు ఇంకో పాట పాడుతోంది.

దీనికి నాకు పూర్తి సమాధానం లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. పియర్సన్‌కి తెలిసిన సంగతి ఫోర్డైస్‌కి చేరడానికి ఆలస్యమైంది. చనువున్న బ్రాంచి అయితే అనుమానం రాగానే తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి "సార్, ఒక్క నిమిషం" అనేవాడు. ఇక్కడ ఆ తలుపు తోసే ధైర్యం ఎవరికీ లేదు. సారు ముఖం పాలిపోయిందని తోచినా ఏమైందని అడిగే చొరవ లేదు. కల్నల్ ప్లాను మొత్తం దీని మీదే కట్టాడు. ఈ మనిషి గదిలోకి ఎవరూ పిలవకుండా రారు, ఈ మనిషి ఒంటరి అని ముందే కనుక్కుని వచ్చాడు. నా మిత్రుడి మాటలో నిజం ఉన్నది ఇంతవరకే. దాన్ని ఒప్పుకుంటాను.

గదిలో ఇద్దరు

కల్నల్ దోచుకుంటూనే ఫోర్డైస్‌కి బుద్ధులు చెబుతాడు. సిబ్బందితో నువ్వు మాట్లాడే పద్ధతేం బాలేదంటాడు. ఎంత చల్లగా, ఎంత హాయిగా చెబుతాడంటే, మోరెల్ ఆ పాత్ర వేస్తుంటే అసలు తప్పెవరిదో మనకే మర్చిపోబుద్ధవుతుంది. ప్రేక్షకుడు ఫోర్డైస్ మీద కోపంతో ఉన్నాడు కాబట్టి తలూపేస్తాడు. నా మిత్రుడు కూడా అక్కడే పడ్డాడని నా నమ్మకం. పెళ్ళాం బిడ్డల ప్రాణాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నవాడు మర్యాద గురించి పాఠం చెబితే దాన్ని మన పెద్దలు దయ్యాలు వేదాలు వల్లించడం అన్నారు.

ఈ ఇద్దరు నటులూ ఇలా ఎదురెదురుగా కూర్చోవడం కొత్త కాదు. జార్జ్ ఆర్వెల్ నవల ఆధారంగా 1954లో బీబీసీ టీవీ కోసం తీసిన 'నైన్టీన్ ఎయిటీఫోర్'లో కుషింగ్ బందీ అయిన విన్‌స్టన్ స్మిత్, మోరెల్ అతన్ని హింసించే అధికారి ఓబ్రయన్. అక్కడా ఇంతే. ఒకడు బంధించి, హింసించి, ఇదంతా నీ మేలుకే అన్నట్టు నింపాదిగా మాట్లాడతాడు, రెండోవాడు ముక్కలవుతాడు. ఆ నాటకం చివర్న విన్‌స్టన్ 'మారిన' మాటని ఎవరూ ఉపకారం అనరు. అదే నటులు, అదే గది, ఇంచుమించు అదే పద్ధతి. చుట్టూ క్రిస్మస్ వాతావరణం ఉంటే మాత్రం మారడం మంచిదైపోతుందా? మధ్యలో 1959లో వీళ్ళిద్దరే, ఈ సినిమా తీసిన హామర్ కంపెనీ వాళ్ళ 'హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్'లో షెర్లాక్ హోమ్స్, డాక్టర్ వాట్సన్‌లుగా స్నేహితులయ్యారు. ఆ సినిమా చూసి వెంటనే ఇది చూస్తే మరీ చేదుగా ఉంటుంది.

కుషింగ్‌ని మనలో చాలామంది డ్రాక్యులా సినిమాల వాన్ హెల్సింగ్‌గానో, 1977 'స్టార్ వార్స్'లో ఆ ఎముకల ముఖం టార్కిన్‌గానో చూశాం. ఎప్పుడూ అదుపు తప్పని మనిషి. ఇక్కడ ఆ అదుపే మెల్లగా ఊడిపోతుంది. ముందు చేతులు. స్ట్రాంగ్ రూము దగ్గరికి వచ్చేసరికి ఆ చేతులు అతని మాట వినవు. జాయింట్ కస్టడీలో, అంటే ఇద్దరి దగ్గరా తాళాలుంటేనే తెరుచుకునే స్ట్రాంగ్ రూముకి, తాళంచేతులు పట్టుకుని తిరిగినదాన్ని, నాకు ఆ సీనులో నటన కనిపించదు, నా చేతులే కనిపిస్తాయి.

37 వేల పౌండ్లకి ఏం వస్తుంది

హామర్ కంపెనీ దీన్ని 1961లో థేమ్స్ ఒడ్డున తమ బ్రే స్టూడియోలో, సుమారు 37 వేల పౌండ్లతో తీసింది. తెర మీద దొంగ అడిగిన సొమ్ములో సగం కూడా కాదు. రంగుల్లో వాళ్ళ భయానక సినిమాలు దేశదేశాల్లో ఆడుతున్న రోజులవి. ఇలాంటి నలుపు తెలుపు క్రైం సినిమాలు పెద్ద సినిమాకి తోడుగా వేసే రెండో సినిమాలు. బ్రిటన్‌లో అప్పట్లో టికెట్టు కొంటే ఒక పూర్తి ప్రోగ్రాం చూపించేవారు. తోడు సినిమాకి వసూళ్ళలో వాటా కాకుండా గుత్తగా ఇంత అని అద్దె ఇచ్చేవారు. ఎంత బాగా తీసినా అదే అద్దె. కాబట్టి బాగా తీయడానికి వ్యాపారపరంగా ఏ కారణమూ లేదు. ఆ లెక్కన ఈ సినిమా ఇంత శ్రద్ధగా తయారవడమే వింత.

అసలు ఇది అంతకుముందు ఏడాది ఐటీవీ అనే బ్రిటిష్ టీవీ ఛానెల్లో వచ్చిన 'ది గోల్డ్ ఇన్‌సైడ్' అనే టీవీ నాటకం. రాసింది జాక్ గిల్లీస్. మోరెల్, వెర్నన్ అందులోనూ ఇవే పాత్రలు వేశారు. డైరెక్టరు క్వెంటిన్ లారెన్స్ కూడా టీవీ నుంచి వచ్చినవాడే. సినిమా మొదట అమెరికాలో విడుదలైంది. సొంత దేశంలో 1963 దాకా మూలనపడి ఉండి, దాదాపు 80 నిమిషాల బొమ్మని 66కి కోసి వదిలారు.

డబ్బు తక్కువైనా ఎంత బాగా తీశారో అని మెచ్చుకోవడం నాకు బోరు కొట్టింది. అదొక రకం జాలి. నేను చెప్పేది వేరు. ఈ కథకి డబ్బు ఉంటే పాడైపోయేది. ఎలాగంటారా, ఫోర్డైస్ ఇల్లు మనకి చూపించరు. దొంగల చేతిలో ఉన్నారంటున్న భార్యనీ, పిల్లాణ్ణీ చూపించరు. మనకి వినిపించేది ఫోనులో ఒక గొంతు. చేతిలో ఇంకో పదివేల పౌండ్లుంటే ఏ నిర్మాతైనా ఆ ఇంటి సెట్టు వేసి, కుర్చీకి కట్టేసిన భార్యని, ఏడుస్తున్న పిల్లాణ్ణి మధ్యమధ్యలో చూపించేవాడు. అలా చూపించి ఉంటే చివర్న చెప్పే నిజానికి చోటు ఉండేది కాదు. ఆ గొంతు టేపు రికార్డరులోంచి వచ్చింది. భార్యనీ, కొడుకునీ ఎవరూ ఎత్తుకుపోలేదు. వాళ్ళు క్షేమంగానే ఉన్నారు. గదిలో ఉన్న మనిషికి ఎంత తెలుసో మనకీ అంతే తెలుసు కాబట్టి ఫోర్డైస్ మోసపోయినప్పుడు మనమూ మోసపోయాం. వేరే ఇంటికి కెమెరా తీసుకెళ్ళలేని పేదరికం దీని వెన్నెముక.

బ్యాంకు దొంగతనాల మీద ఆ రోజుల్లోనే ఇంకో చవక సినిమా ఉంది, వెర్నన్ సూయల్ తీసిన 'స్ట్రాంగ్ రూమ్', 1962. దొంగలు మేనేజరునీ సెక్రటరీనీ స్ట్రాంగ్ రూములో పెట్టి తాళం వేసిపోతారు, లోపల గాలి అయిపోతూ ఉంటుంది. అదీ బాగుంటుంది. కానీ అందులో కథ గదికీ బయటికీ తిరుగుతూ ఉంటుంది, ఎవరికి ఏం తెలుసో మనకి అన్నీ తెలుసు. ఉత్కంఠ వేరు, మోసపోవడం వేరు.

ఆ గొంతు ఇప్పుడు

టేపు సంగతి తెలిసినప్పుడు ఇదివరకు నాకు అదొక చమత్కారంగా ఉండేది. ఇప్పుడు అలా లేదు. డిజిటల్ అరెస్టు పేరుతో జరుగుతున్న మోసాలన్నీ కల్నల్ గోర్ హెప్‌బర్న్ పద్ధతిలోనే నడుస్తున్నాయి. యూనిఫాం, హోదా, మర్యాదగా మాట్లాడే గొంతు. ఎవరికీ చెప్పొద్దు, ముఖం మామూలుగా పెట్టుకో, లైను కట్ చెయ్యకు. చట్టంలో అలాంటి అరెస్టే లేదని ప్రభుత్వం ఎంత మొత్తుకున్నా మనుషులు పడిపోతూనే ఉన్నారు. పిల్లల గొంతుల్ని కంప్యూటరుతో తయారుచేసి వినిపించేవాళ్ళు కూడా బయల్దేరారు.

మాకు బాగా తెలిసిన ఒక రిటైర్డ్ మాస్టారు ఇలాగే చిక్కుకున్నారు. ఆయన పేరున వచ్చిన పార్సెల్లో మాదకద్రవ్యాలు దొరికాయట, ముంబై పోలీసులట. పక్కగదిలో ఉన్న భార్యకి కూడా చెప్పకుండా, చొక్కా జేబులో ఫోను ఆన్‌లోనే పెట్టుకుని, ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేయించడానికి బ్యాంకుకి వెళ్ళారు. కౌంటర్లో అమ్మాయికి ఆయన ఎరుకే. "ఇంకాస్త ఆగితే మెచ్యూరిటీ వస్తుంది కదా మాస్టారూ, ఇప్పుడెందుకు తీస్తున్నారు?" అంది. మనవడి ఫీజు అన్నారాయన, నేర్పించిన జవాబు. ఆ అమ్మాయి ఇంకేం అడగలేదు. విత్‌డ్రాయల్ ఫారం ఒకటి తీసి, వెనకవైపు పెన్నుతో "ఫోన్‌లో ఎవరైనా ఉన్నారా?" అని రాసి, ఆయన వైపు తిప్పి పెట్టింది. ఆయన చదివి తలూపారు.

పెద్ద డిపాజిట్ గడువుకి ముందే తీస్తుంటే కారణం అడగాలన్నది పద్ధతి. ఆ అమ్మాయి అది పాటించింది. చెప్పిన కారణం ఆ మనిషికి అతకడం లేదని పట్టుకోవడానికి మాత్రం పద్ధతి చాలదు, ఆయన తెలిసి ఉండాలి. పియర్సన్‌కి ఈ రెండోది దక్కకుండా చేసింది ఫోర్డైసే. ఇంతకంటే ఫోర్డైస్ మీద నా దగ్గర నేరారోపణ లేదు.

ఇక్కడ మిత్రుడికి ఒక ప్రశ్న. ఆ మాస్టారు ఈ దెబ్బ తర్వాత పక్కింటివాళ్ళతో ఎక్కువగా మాట్లాడుతున్నారు, ఊళ్ళో ఉన్న కొడుక్కి రోజూ ఫోను చేస్తున్నారు. ఆ మోసగాళ్ళు ఆయనకి ఉపకారం చేశారందామా?

పియర్సన్ చెప్పడానికి ఒప్పుకున్న అబద్ధం

చివరి భాగం గురించి చెప్పకపోతే సినిమాకి అన్యాయం చేసినట్టే. కల్నల్ వెళ్ళిపోయాక పియర్సన్ ద్వారా పోలీసులకి తెలిసిందని ఫోర్డైస్‌కి అర్థమవుతుంది. పోలీసులు కదిలితే భార్యాపిల్లలు దక్కరు. అప్పుడు ఆ మనిషి, పొద్దున్నే వేళ్ళతో తీసిపారేసిన అదే గుమాస్తాల ముందు బతిమాలతాడు. అంతా పొరపాటని చెప్పండి, నాకు సాయం చెయ్యండి అంటాడు. పియర్సన్ ఒప్పుకుంటాడు. మిగతావాళ్ళూ ఒప్పుకుంటారు.

మిత్రుడి వ్యాసంలో ఈ సీను రెండు వాక్యాల్లో పోయింది, మార్పు వచ్చిందని చెప్పడానికి రుజువుగా. నాకైతే ఇది ఫోర్డైస్ సీను కాదు, పియర్సన్ సీను. ఫోర్డైస్ అడగడంలో గొప్పేముంది, ప్రాణం మీదికొస్తే ఎవరైనా అడుగుతారు. పొద్దున తన ఉద్యోగం తీసేస్తానన్న మనిషి కోసం పోలీసులకి అబద్ధం చెప్పడానికి సిద్ధపడ్డాడే పియర్సన్, అక్కడ దొంగ నేర్పిన పాఠం ఏముంది? అతను ముందు నుంచీ అంతే. మిస్ ప్రింగిల్, శాండర్సన్, కుర్ర హార్విల్, వీళ్ళంతా ముందు నుంచీ అంతే. కల్నల్ రాకపోయినా అంతే. సినిమా చూస్తూ మారేది మనం వాళ్ళని చూసే చూపు, ఎందుకంటే అంతదాకా మనమూ ఫోర్డైస్ లాగే వాళ్ళని సరిగ్గా చూడలేదు.

బ్యాంకు మనిషిగా ఆ అబద్ధాన్ని నేను సమర్థించలేను. నేనక్కడ ఉంటే అదే అబద్ధం చెప్పేదాన్ని.

నిజానికి ఆ మర్నాడు ఏమైందన్నదే నాకు కుతూహలం. సినిమాకి ఆ బాధ లేదు, దొంగ దొరికాడు, డబ్బు తిరిగొచ్చింది. మన దగ్గరైతే అసలు కథ అప్పుడే మొదలవుతుంది. ఫోర్డైస్‌కి ఛార్జిషీటు, గుర్తింపు సరిచూడకుండా బయటివాణ్ణి స్ట్రాంగ్ రూములోకి తీసుకెళ్ళినందుకు. పియర్సన్‌కి ఒక మెమో, అనుమానం వచ్చిన వెంటనే పై ఆఫీసుకి తెలపనందుకు. తెలిపి ఉంటే ఇంకో మెమో, బ్రాంచి మేనేజరుని దాటి వెళ్ళినందుకు. ఎంక్వయిరీ ఆఫీసరు వచ్చి రికార్డులన్నీ తిరగేస్తాడు, ఆ పది పౌండ్ల తేడా దగ్గర వేలు పెట్టి, ఇదేమిటని అడుగుతాడు. అప్పుడు ఫోర్డైస్ ఏం జవాబు రాసిస్తాడో చూడాలని ఉంది నాకు.